కీమో వార్డు సంగతి సరే, నీ డ్యూటీల రోటా ఏదీ?

"అక్కా, నర్సుగా ఇంగ్లండ్ వచ్చి నాలుగు నెలలైంది. క్యాన్సర్‌కి కీమో మందులు ఎక్కించే, పగలు మాత్రం నడిచే డే యూనిట్‌లో వేశారు. ఆ మందుల గాలి తగిలితే నీకే క్యాన్సర్ వస్తుందని అమ్మ రోజూ ఫోన్లో ఏడుస్తోంది. వార్డు మార్చమని అడగనా? మామూలు వార్డుకి వెళ్తే నైట్ డ్యూటీలు ఉంటాయి, వాటికి డబ్బు 30 శాతం ఎక్కువ కూడా వస్తుంది కదా" అని రాశావు.

మొదటి సగం చదివి నవ్వుకున్నాను. రెండో సగానికి వచ్చేసరికి నవ్వు పోయింది. ఆ 30 శాతం వెంట పదకొండేళ్ళు తిరిగినదాన్ని నేను.

ముందు అమ్మగారి భయం సంగతి. అది ఉత్త భయం కాదు, మా కాలపు భయం. 2001లో గుంటూరులో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నెలకు 2,200 రూపాయలకు చేసేదాన్ని. నర్సింగ్ స్టేషన్ బల్ల మీద, నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పొడి ఉన్న చిన్న సీసాలోకి సెలైన్ ఎక్కించి కలిపేవాళ్ళం. సూది బయటికి లాగేటప్పుడు సన్నటి తుంపర లేచేది. గ్లవ్స్ పేషెంటు తరపువాళ్ళు కొనుక్కురావాలి, అవి డాక్టరు గారికి. ఎర్ర మందు డాక్సోరూబిసిన్ వేలికి అంటితే స్పిరిట్ దూదితో తుడుచుకుని, అదే చేత్తో టిఫిన్ డబ్బా విప్పేదాన్ని. ఆ సైక్లోఫాస్ఫమైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మందుల జాబితాలో ఉందని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఈ మందులు కలిపే నర్సుల మూత్రంలో జన్యువుల్ని దెబ్బతీసే లక్షణం కనిపించిందని ఫిన్లాండ్‌లో 1979లోనే తేల్చారు. మాకు 22 ఏళ్ళ తర్వాత కూడా ఆ కబురు అందలేదు.

నీ పరిస్థితి అది కాదు. ఫార్మసీవాళ్ళు మూసిన గాజు పెట్టెలో చేతులు పెట్టి కలిపి, సీలు వేసిన బ్యాగు నీ చేతికిస్తారు. అమ్మగారికి ఇంత చెప్పు, చాలు. కానీ అంతా వాళ్ళే చేశారు కదా అని చేతులు దులుపుకుంటే ఏమవుతుందో నేను చూశాను.

2003లో వచ్చాను నేను. ఏజెంటుకి మూడు లక్షలు కట్టాను, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి. నెలకు ఆరు వేలు వడ్డీ, అంటే అప్పటి రేటులో 80 పౌన్లు, అన్నం తినకముందే పోయేవి. మీ బ్యాచ్‌కి ఆస్పత్రే విమానం టికెట్టు పెట్టి, ఎయిర్‌పోర్టుకి కారు పంపుతుందట. సంతోషం. మేం ముందు ఒక వృద్ధాశ్రమంలో అడాప్టేషన్ (ఇక్కడి పద్ధతుల శిక్షణ) చేసి, నర్సుగా రిజిస్టరైన పిన్ నంబరు తెచ్చుకుని, తర్వాత ఆస్పత్రిలో చేరాం. అక్కడ చేరిన మూడో నెలలో కీమో బ్యాగును స్టాండుకి తగిలించి, తలెత్తి దానికి సెట్టు (మందు ఎక్కించే గొట్టం) గుచ్చాను. నడుము ఎత్తులో, ట్రేలో పెట్టి గుచ్చాలని ట్రైనింగులో చెప్పారు. తలూపాను, మర్చిపోయాను. మందు కారి నా చేతి మీద, నేల మీద పడింది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది క్యాన్సర్ కాదు, ఆ బ్యాగు ఖరీదు. జీతంలో కోస్తారేమో, ఉద్యోగం పోతే వడ్డీ ఎవరు కడతారు అని. టిష్యూ పేపర్లతో తుడిచి చెత్తబుట్టలో పారేశాను. కాసేపటికి హెల్త్‌కేర్ అసిస్టెంటు ఒకావిడ, పెద్దావిడ, ఆ బుట్టలోంచి సంచీ తీయబోయింది, ఉత్త చేతులతో. వార్డు సిస్టర్ చూసి ఆపింది. ఒలికిన మందు శుభ్రం చేసే స్పిల్ కిట్ తెప్పించి, అటు ఎవరూ రాకుండా చూసి, నా యూనిఫాం మార్పించి, చేతులు సబ్బుతో కడిగించి, ఫారం నింపించింది. ఒక్క పెన్నీ కోయలేదు. నేను దాచినందుకు మాత్రం గట్టిగా అడిగింది. పెద్దావిడ ముందు అలా నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తే.

కీమో అయిన పేషెంటు మూత్రం, వాంతి కనీసం 48 గంటలు మందుతో సమానం. బెడ్‌పాన్ ఎత్తేటప్పుడు కూడా గ్లవ్స్, ఏప్రాన్. బ్యాగు తగిలించేటప్పుడు రెండు జతల గ్లవ్స్ అంటే రెండు జతలే. నెల తప్పితే ఆ రోజే మేనేజరుకి చెప్పు, మూడో నెల దాకా దిష్టి తగులుతుందని దాచకు. మిగతా రూల్సు సిబ్బంది ఆరోగ్యం చూసే ఆక్యుపేషనల్ హెల్త్‌వాళ్ళ దగ్గర ఉంటాయి, చూసుకో.

ఆక్యుపేషనల్ హెల్త్ అంటే ఇంకొకటి. వాళ్ళు నా రక్తం తీసి, హెపటైటిస్ బి యాంటీబాడీలు లేవన్నారు. మూడు డోసులూ వేయించుకున్నట్టు కాలేజీ ముద్రతో కార్డు ఉంది నా దగ్గర. అసలు సంగతేమిటంటే, మూడో డోసుకి నాన్న పంపిన డబ్బులు హాస్టల్ మెస్ బాకీకి కట్టేశాను. క్లర్కుని బతిమాలి ముద్ర వేయించుకున్నాను. టీకా లేనివాళ్ళకి ఈ జబ్బున్న మనిషి సూది గుచ్చుకుంటే నూటికి ముప్పై మంది దాకా అంటుకోవచ్చు. హెపటైటిస్ సి అయితే ముగ్గురు, హెచ్‌ఐవీ అయితే వెయ్యికి ముగ్గురు. హెపటైటిస్ బి ఒంట్లో స్థిరపడిపోతే లివర్ క్యాన్సర్ దాకా పోతుంది. గుంటూరులో నాకు సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్క లేదు. దేవుడి దయ, అంటుకోలేదు. ఇక్కడ మళ్ళీ మొదటినుంచి టీకాలు వేశారు, ఉచితంగా.

ఇప్పుడు నీ 30 శాతం. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా, శనివారాలు, గంటకి 30 శాతం ఎక్కువ. ఆదివారాలూ బ్యాంక్ హాలిడేలూ (ప్రభుత్వ సెలవులు) 60. ఈ రెండు అంకెలూ తెలిసిన రోజు నుంచీ నేను మనిషిని కాదు, కాలిక్యులేటర్‌ని. రోటాలో నైట్లన్నీ నేనే అడిగి వేయించుకున్నాను. పైన పగలు బ్యాంక్ షిఫ్టులు, అంటే రోటా బయట విడిగా డబ్బిచ్చే అదనపు షిఫ్టులు. పౌనుని 75తో గుణించడం, తర్వాత 85తో, తర్వాత 100తో. అప్పు తీరింది, తమ్ముడి ఇంజనీరింగ్ అయింది, చెల్లి పెళ్ళయింది, ఇంటికి పై అంతస్తు పడింది. 2016లో అమరావతి దగ్గర స్థలం కూడా కొన్నాను. 2019లో మూడు రాజధానులన్నప్పుడు దాని రేటు పడుకుంది. నా పదకొండేళ్ళ నిద్ర ఆ స్థలంలో ముళ్ళపొదలై మొలిచిందని మా ఆయన వెక్కిరిస్తుంటాడు.

రాత్రి పని గురించి పరిశోధన జరిగింది మన నర్సుల మీదే. అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులను చేర్చుకుని, రెండేళ్ళకోసారి ప్రశ్నాపత్రాలు పంపుతూ వచ్చారు. నర్సెస్ హెల్త్ స్టడీ అంటారు. దాన్నీ ఎన్‌హెచ్‌ఎస్ అనే రాస్తారు, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ పేరూ అదే కాబట్టి నేను మొదట మన ఆస్పత్రులవాళ్ళే చేశారనుకున్నాను. 30 ఏళ్ళు, ఆపైన మార్చి మార్చి నైట్లు చేసినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ 36 శాతం ఎక్కువ కనిపించిందని 2001లో అచ్చువేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో రాత్రి పనిని "బహుశా క్యాన్సర్ కారకం" వర్గంలో వేసింది, 2019లో మళ్ళీ చూసి అక్కడే ఉంచింది. మరోపక్క బ్రిటన్‌లో లక్షలమంది ఆడవాళ్ళను గమనించినవాళ్ళు 2016లో, మాకు తేడా ఏమీ కనిపించలేదన్నారు. మనం ఆదివారం వండుకునే వేటమాంసం కూడా ఆ "బహుశా" వర్గంలోనే ఉంది. అది సాక్ష్యం ఎంత గట్టిదో చెప్పే వర్గమే కానీ ప్రమాదం ఎంత పెద్దదో చెప్పేది కాదు. కాబట్టి నెలకు నాలుగు నైట్లు పడ్డాయని గుండెలు బాదుకోకు. డెన్మార్క్‌లో మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా రాత్రులు పనిచేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన కొందరు ఆడవాళ్ళకు పరిహారం ఇచ్చారు. ఎంతిచ్చారా అని వెతికాను చూడు, నా బుద్ధి అది.

నాకు నైట్ల వల్ల జరిగింది వేరే. పగలు నిద్రపోయేదాన్ని కాబట్టి ఉత్తరాలు విప్పేదాన్ని కాదు. 25 దాటిన ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వారం పరీక్షకి పిలుపు వస్తుంది. మూడు పిలుపులు చెత్తలో వేశాను. అపాయింట్‌మెంటుకి వెళ్తే ఒక బ్యాంక్ షిఫ్టు పోతుంది, 120 పౌన్లు అని. నాలుగోసారి వెళ్తే కణాల్లో మార్పు ఉందన్నారు, క్యాన్సర్ కాదు, ఇంకా ముందు దశ. క్లినిక్‌లోనే ఆ భాగం తీసేశారు, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. ఆ వారం ఒక్క షిఫ్టు కూడా చేయలేదు, ఒక్కసారి కూడా 100తో గుణించలేదు.

వార్డు మారకు. డే యూనిట్ అంటే రాత్రి ఇంట్లో పడుకునే ఉద్యోగం, దాని విలువ నీకిప్పుడు తెలియదు. నీకు అప్పెంత ఉందో, వడ్డీ ఎంతో రాయి, అప్పుడు బ్యాంక్ షిఫ్టులు నెలకు ఎన్ని చేయాలో కలిసి లెక్క వేద్దాం. ఈలోగా మీ కాలేజీ టీకా కార్డు బీరువాలో ఉందేమో చూసి ఫోటో పంపమని అమ్మగారికి చెప్పు. మూడో గడిలో తేదీ ఉండటం కాదు, ఆ రోజు నిజంగా సూది వేశారో లేదో గుర్తు తెచ్చుకో.