ఏడో స్థానపు జట్టులో మేటి ఫార్వర్డ్

ప్రశ్న: హాకీలో ఫార్వర్డ్‌గా, అంటే గోల్ కోసం దాడి చేసే ముందువరుస ఆటగాడిగా, ధన్‌రాజ్ పిళ్లై నాలుగు ఒలింపిక్స్ ఆడితే మన జట్టు 1992, 2000, 2004లలో ఏడో స్థానంలో, 1996లో ఎనిమిదో స్థానంలో నిలిచింది. ఒక్క పతకమూ తేలేకపోయిన ఫార్వర్డ్‌ను గొప్పవాడనడం వట్టి అభిమానమని మా అబ్బాయి వాదన. జట్టు బలహీనమైనప్పుడు ఫార్వర్డ్ విలువను దేన్నిబట్టి తేల్చాలి?
– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్

జవాబు: స్థానాన్నే కొలబద్దగా తీసుకుంటే, 1992 నుంచి 2000 వరకు మూడు ఒలింపిక్స్‌లోనూ ఆడిన మన హైదరాబాదీ ముఖేష్ కుమార్‌నూ అదే గాటన కట్టాల్సి వస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పోలండ్‌పై గెలిస్తే సెమీఫైనల్ చేరే స్థితిలో ఉన్న మన జట్టు, 1-0 ఆధిక్యంతో ఆడుతూ, ఆట ముగియడానికి రెండు నిమిషాలైనా లేని సమయంలో గోల్ సమర్పించుకుని డ్రాతో సరిపెట్టుకుంది. ఆ చివరి గోల్‌కు ఫార్వర్డ్ ప్రతిభతో సంబంధమేముంది? 1998నే చూడండి. అదే ధన్‌రాజ్ ఆడిన జట్టు ప్రపంచకప్‌లో తొమ్మిదో స్థానానికి పడిపోయి, ఏడాది చివర బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 32 ఏళ్ల తర్వాత స్వర్ణం గెలిచింది. ఆసియాలో పోటీ కొంత తక్కువన్న మాట నిజమే కానీ, ఆరు నెలల్లో ఆటగాడి విలువ అంతగా మారదు.

ఇక గోల్స్ లెక్క. ఇదీ అనుకున్నంత నికార్సైనది కాదు. హాకీలో దాడి చేసే జట్టు బంతిని ‘డి’ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం లాంటి గీత) లోపల తాకితేనే గోల్ చెల్లుతుంది. మిడ్‌ఫీల్డ్, అంటే మైదానం మధ్యలో ఆడేవాళ్లు, బలహీనమైతే బంతి అక్కడిదాకా రానే రాదు. పైగా ఫార్వర్డ్ ఇద్దరు డిఫెండర్లను తప్పించుకుని చొరబడి పెనాల్టీ కార్నర్ (‘డి’లో ప్రత్యర్థి తప్పు చేస్తే దక్కే గోల్ అవకాశం) సంపాదిస్తే, గోల్ మాత్రం దాన్ని గోల్‌లోకి విసిరే డ్రాగ్ ఫ్లికర్ పేరిట నమోదవుతుంది.

ఈసారి మీ అబ్బాయితో గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లినప్పుడు ఒక కాగితం దగ్గర పెట్టుకుని, ఓడుతున్న జట్టు ఫార్వర్డ్‌నొక్కణ్నే గమనించండి. బంతి అతనికి ఎక్కడ అందింది, అప్పుడు ఎంతమంది మీదికి వచ్చారు, చివరికి అది షాట్ అయిందా, పెనాల్టీ కార్నర్ అయిందా, ప్రత్యర్థి పాలైందా అన్నవి రాసుకోండి. హాకీలో ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చవచ్చు కాబట్టి, అతను బెంచీ మీద ఉన్న నిమిషాల్లో జట్టు ‘డి’లోకి ఎన్నిసార్లు వెళ్లగలిగిందో కూడా తెలుస్తుంది. ఒక్క మ్యాచ్‌తో ఏదీ తేలదు. బలమైన జట్లతో ఆడినవాటిని విడిగా చూడాలి.

అయితే జట్టు బలహీనమని అన్నిటికీ మినహాయింపు ఇవ్వడమూ నాకు సమ్మతం కాదు. సహచరుడు ఖాళీగా ఉన్నా తానే డ్రిబుల్ చేస్తూ బంతి పోగొట్టుకుని, ఆపైన నడుముపై చేతులు వేసుకుని నిలబడిపోయే ఫార్వర్డ్ ఓడే జట్టుకు రెట్టింపు భారం. బంతి పోయిన మరుక్షణం అతను వెనక్కి పరిగెత్తాడా లేదా అన్నది ఏ స్కోరుకార్డులోనూ ఉండదు, టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కనుక అక్కడా సరిగా కనిపించదు. గ్యాలరీలో కూర్చుంటేనే తెలుస్తుంది.