ఆఫ్టర్‌నూన్ టీ బ్రైడల్ షవర్‌కి నెల జీతం పెట్టాలా?

ప్రశ్న: మా స్నేహితురాలి పెళ్లి కుదిరింది. తనకి ఆఫ్టర్‌నూన్ టీ థీమ్‌తో బ్రైడల్ షవర్ (పెళ్లికి ముందు పెళ్లికూతురి కోసం స్నేహితులు చేసే వేడుక) చేద్దామని మేం నలుగురం అనుకున్నాం. ఇంకా మూడు నెలల టైముంది. మొదట 22 మందిని పిలుద్దామనుకున్నాం, జాబితా ఇప్పుడు 38కి చేరింది. ఈవెంట్ ప్లానర్ ఇచ్చిన కొటేషన్ జతచేస్తున్నాను. మొత్తం నా రెండు నెలల జీతంతో సమానం. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. మా నలుగురిలో ఒకరికి ఈమధ్యే ఉద్యోగం పోయింది. తన వాటా కూడా నేనే పెట్టేద్దామని, తనకి ఆ సంగతి తెలియనివ్వకూడదని అనుకుంటున్నాను. అంటే నా మీద ఒక నెల జీతం పడుతుంది. క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవాలా, అత్యవసరాలకని దాచుకున్న డిపాజిట్ తీయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వద్దు. మీరు అనుకున్న వేడుకని ఆ రెండింటి జోలికి పోకుండానే చక్కగా చేయొచ్చు. కొటేషన్ రెండుసార్లు చదివాకే ఈ మాట అంటున్నాను.

ముందు అప్పు సంగతి. కార్డు బకాయి మీద వడ్డీ నెలకు 3 శాతం అంటే చిన్న సంఖ్యలాగే కనిపిస్తుంది. అదే బకాయి ఏడాదిపాటు కట్టకుండా ఉండిపోతే చక్రవడ్డీతో 42 శాతం దాటుతుంది. ఈఎంఐగా మార్చుకుంటే వడ్డీ తగ్గొచ్చు. కానీ ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, పైగా పెళ్లి అయిపోయాక కూడా నెలనెలా ఆ సాయంత్రానికి డబ్బు కడుతూనే ఉంటారు. ఇక డిపాజిట్ అంటారా, అది ఉద్యోగం పోయినప్పుడో ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడో ఆదుకోవడానికి దాచుకున్న డబ్బు. మూడు నెలల ముందే తేదీ తెలిసిన వేడుక అత్యవసరం కిందకి రాదు. మీ స్నేహితురాలికి ఉద్యోగం పోయిన ఈ టైములో ఆ డిపాజిట్ విలువ మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఆఫ్టర్‌నూన్ టీ అంటే భోజనం కాదు. 1840 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో అన్నా అనే బెడ్‌ఫర్డ్ డచెస్ (డ్యూక్ భార్య), మధ్యాహ్నం తిన్న కొద్దిపాటి తిండికీ రాత్రి ఆలస్యంగా జరిగే విందుకీ మధ్య ఆకలికి ఆగలేక, సాయంత్రం వేళ టీ, బ్రెడ్డు, వెన్న తెప్పించుకోవడంతో ఈ అలవాటు మొదలైందని చెబుతారు. రెండు భోజనాల మధ్య వేళకి పుట్టిన మర్యాద ఇది. మధ్యాహ్నం మూడింటి నుంచి అయిదింటి వరకు అని ఆహ్వానంలో స్పష్టంగా రాస్తే, వచ్చేవాళ్లు భోజనం చేసే వస్తారు, రాత్రి భోజనానికి ఇళ్లకి వెళ్తారు. మీరు పెట్టాల్సింది మూడంతస్తుల స్టాండు మీద ఉండేంతే: కింద చిన్న శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు (బన్నుల్లాంటి చిన్న బేకరీ పదార్థం), పైన తీపి పదార్థాలు.

మీ కొటేషన్‌లో మాత్రం ‘హై టీ’ అని ఉంది. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. హై టీ అంటే పనికి వెళ్లొచ్చినవాళ్లు సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కడుపునిండా తినే భోజనం, వేడి పదార్థాలతో సహా. అందుకే మీ జాబితాలో నాలుగు రకాల వేడి వంటలు చేరాయి. అవి మీకు అక్కర్లేదు.

టీ విషయంలో మీకు దిగులే అక్కర్లేదు. కప్పుకి సుమారు 2 నుంచి 2.5 గ్రాముల టీ ఆకు పడుతుంది. 22 మంది తలా మూడు కప్పులు తాగినా 66 కప్పులు, అంటే 165 గ్రాములు దాటదు. మంచి రకం టీ రెండు వందల గ్రాములు కొన్నా మొత్తం ఖర్చులో అది చాలా చిన్న భాగమే. ఇక్కడ మాత్రం పిసినారితనం చేయకండి, ఆ సాయంత్రం పేరే టీ కదా. బ్లాక్ టీ అయితే బాగా మరిగిన నీళ్లలో మూడు నుంచి అయిదు నిమిషాలు, గ్రీన్ టీ అయితే 80 డిగ్రీలకి మించని నీళ్లలో రెండు మూడు నిమిషాలు. ఖరీదైన ఆకు కొని చేదెక్కిస్తే డబ్బంతా వృథా అయినట్టే.

మరి డబ్బు ఎక్కడికి పోతోంది? మీ కొటేషన్ మొత్తాన్ని వంద పాళ్లు అనుకుందాం. హాలుకి 30, తిండికి 30, పూలకీ అలంకరణకీ 22, వచ్చినవాళ్లకిచ్చే చిన్న కానుకలకి 10, కప్పులూ సాసర్లూ అద్దెకి 8. తిండి, కానుకలు, కప్పులు తలల లెక్కన పెరిగేవి. 38 నుంచి 22కి వస్తే ఆ 48 పాళ్లు 28కి దిగుతాయి. అంతకంటే పెద్ద మార్పు ఇంకోటుంది. 38 మందికి హాలు కావాలి. 22 మంది మీ నలుగురిలో ఒకరి ఇంటి హాల్లో, వరండాలో సర్దుకుని కూర్చోవచ్చు. హాలు ఖర్చు మొత్తం పోతుంది. ఇంటికి ఎంత పెద్ద పూల వంపులు పెడతారు చెప్పండి? అలంకరణ 22 నుంచి 8కి వస్తే చాలా ఎక్కువే. మొత్తం 36 పాళ్లు.

అంటే మీ రెండు నెలల జీతం కాస్తా ఒక నెల జీతంలో 72 శాతం అయింది. నలుగురు పంచుకుంటే తలా 18 శాతం, మూడు నెలలకి సర్దితే నెలకి 6 శాతం. ముగ్గురే పెట్టుకున్నా మీకు నెలకి 8 శాతం. జీతం పడిన మర్నాడే దాన్ని వేరే ఖాతాలోకి పంపించండి. కార్డు అక్కర్లేదు, డిపాజిట్ ముట్టుకోనక్కర్లేదు.

జాబితా తగ్గించడం కష్టమని తెలుసు. ఒక పద్ధతి చెబుతాను. బ్రైడల్ షవర్‌కి పిలిచినవాళ్లని పెళ్లికీ పిలవడం మర్యాద. కాబట్టి పెళ్లి ఆహ్వానాల జాబితాలో లేని పేర్లు ముందు తీసేయండి. ఆ తర్వాత మిగిలిన పేర్లు పెళ్లికూతురి చేతికిచ్చి, ‘వీళ్లలో ఎవరితో కూర్చుని రెండు గంటలు కబుర్లు చెప్పుకోవాలనుంది?’ అని అడగండి. 38 మందిలో తను ఒక్కొక్కరితో మూడు నిమిషాలు మాట్లాడినా రెండు గంటలు అయిపోతాయి.

కప్పుల గురించి నా అనుభవం చెప్పాలి. మా చెల్లెలికి ఇలాంటి వేడుకే చేసినప్పుడు అద్దెకంటే కొనడం నయమనుకుని 24 కప్పులూ సాసర్లూ ఉన్న సెట్టు తెచ్చాను. పలచటి పింగాణీ, అంచున బంగారు గీత. ఆ గీత వల్ల మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, ఒక్కోదాన్నీ మెత్తటి బట్టతో తుడవాలి. ఆరేళ్లలో రెండుసార్లు వాడాను. ఇప్పటికీ కాగితాలు చుట్టి అటక మీద అట్టపెట్టెలోనే ఉన్నాయి, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మీరు కొనకండి. నలుగురి ఇళ్లలోవీ, అమ్మావాళ్ల దగ్గరున్నవీ తలా ఆరు తెస్తే 24 అవుతాయి. ఒకదానికొకటి కలవని కప్పులు టీ బల్ల మీద ఎంతో ముచ్చటగా ఉంటాయి. అద్దె పాళ్లు కూడా మిగులుతాయి.

తిండి కూడా లెక్క వేసుకుని మీరే చేసుకోండి. మనిషికి నాలుగు చిన్న శాండ్‌విచ్ ముక్కలు, ఒక స్కోన్, రెండు తీపి ముక్కలు సరిపోతాయి. ఇరవై ముక్కలున్న బ్రెడ్డు పది శాండ్‌విచ్‌లవుతుంది, ఒక్కోటి మూడుగా కోస్తే ముప్పై. 22 మందికి 88 ముక్కలు కావాలి, మూడు బ్రెడ్లు చాలు. వీటిని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, ఎండ మండిపోతుంటే గంటే. సగం ఫ్రిజ్‌లో ఉంచి రెండో విడతగా పెట్టండి. స్కోన్లు వారం ముందే చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.

ఉద్యోగం పోయిన స్నేహితురాలి వాటా చెప్పకుండా కట్టాలన్న మీ మంచి మనసు అర్థమవుతోంది. అయినా చెప్పకుండా కట్టొద్దు. ఇలాంటివి ఎప్పుడో ఒకరోజు తెలుస్తాయి, అప్పుడు తన మనసు ఎక్కువ నొచ్చుకుంటుంది. పైగా తన వాటా మీరు కట్టేస్తున్నారని తెలియకపోతే తను ఎక్కడో అప్పు చేసి తెచ్చిస్తుందేమో కూడా. ఇవాళే ఫోన్ చేసి, ‘ఈసారి డబ్బు మేం ముగ్గురం చూసుకుంటాం, బ్రెడ్లు కోయడం, బల్ల సర్దడం నీ చేతి మీదుగా కావాలి’ అని సూటిగా చెప్పండి. ఆ రోజు పని ఎంత ఉంటుందో చేసినవాళ్లకే తెలుసు, అది చిన్న వాటా కాదు. తను కొంత ఇస్తానంటే ఎంతిస్తానంటే అంతే తీసుకోండి, బలవంతపెట్టొద్దు.

తనతో మాట్లాడాక జాబితా తేల్చుకోండి. అడ్వాన్స్ ఇవ్వలేదు కాబట్టి హాలూ కేటరింగూ వద్దని ప్లానర్‌కి ఈ వారమే చెప్పేయండి. ఆహ్వానాలు ఆ తర్వాతే పంపండి.