పంపు పెంచమంటారా, మేస్త్రీ?

ప్రశ్న: మేస్త్రీ గారూ, మాది రాజాం. పైడిభీమవరంలో మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. నా బండి 2016 డీజిల్ స్విఫ్ట్, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. చిలకపాలెం మీదుగా రోజూ రానూపోనూ దాదాపు వంద కిలోమీటర్లు. హైవే ఎక్కాక ఇబ్బంది లేదు. అంతకుముందు రెండు లైన్ల రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు వెనక పడితేనే టెన్షన్. దాటబోతే బండి ఒక క్షణం ఆలోచించుకుంటోంది. విశాఖలో ఒకరు ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేస్తే 75 హార్స్‌పవర్ కాస్తా 95 అవుతుందని, మైలేజీ కూడా రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతుందని చెప్పారు. 18 వేలు అడిగారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదువుతుంటే నాకు సాలూరు గుర్తొచ్చింది. నేను పని నేర్చుకున్నది అక్కడే, ఇంజిన్‌లోకి డీజిల్ కొట్టే పంపుల్ని బాగుచేసే షెడ్డులో. కోరాపుట్ వైపు లోడు ఎత్తుకున్న డ్రైవరు వచ్చి, "ఏటి మేస్త్రీ, ఘాటీ ఎక్కనంటంది బండి. కాసింత పంపు పెంచు" అనేవాడు. పంపుకి ఒక చిన్న స్క్రూ, దానికి తీగ చుట్టి వేసిన సీసం సీలు. మా గురువు కటింగ్ ప్లయర్‌తో సీలు తెంపి, చెక్‌నట్టు వదులు చేసి, స్క్రూని ఇంతంటే ఇంత తిప్పేవాడు. అంతే, డీజిల్ కాస్త ఎక్కువ పడేది. బండి ఘాటీని ఉఫ్‌మని ఎక్కేసేది. వెనకాల వచ్చేవాడికి మాత్రం దారి కనపడేది కాదు, అంత నల్లపొగ. ఆర్నెల్లకో ఏడాదికో అలాంటి బండే ఒకటి తాడు కట్టుకుని షెడ్డుకి వచ్చేది. హెడ్డు విప్పితే పిస్టన్ నెత్తిన ఒక మూల కొవ్వొత్తి కరిగినట్టు గుంట. వేలు పెట్టి చూస్తే ఆ అంచులు ముత్యాల్లా నున్నగా తగిలేవి.

రీమ్యాప్ అంటే ఆ స్క్రూయే. ఇప్పుడు దాన్ని స్టీరింగ్ కింది ఓబీడీ సాకెట్టుకి లాప్‌టాప్ తగిలించి తిప్పుతున్నారు. ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లో, పట్టికలుంటాయి. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, గాలి ఎంత వచ్చింది అన్నవి చూసి, ఎంత డీజిల్ ఏ క్షణాన ఎంత ఒత్తిడితో కొట్టాలో అందులో రాసి ఉంటుంది. పొగ మితిమీరకుండా ఒక హద్దు, టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, మితిమీరకుండా ఇంకో హద్దు కూడా అక్కడే ఉంటాయి. ఆ అంకెలు దిద్దుతారు. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ ఊపుతో తిరుగుతూ లోపలికి ఎక్కువ గాలి నెట్టే పంకా. అది ఉన్న డీజిల్ బండికి దీనితో పాతిక శాతం అటూ ఇటూగా బలం పెరగడం నిజమే. ఆ మాట వరకు విశాఖ మనిషి మీకు అబద్ధం చెప్పలేదు.

చెప్పకుండా వదిలేసింది వేరే ఉంది. మీ ఇంజిన్ ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల మల్టీజెట్. దీన్నే మారుతి ఎర్టిగాలో, సియాజ్‌లో 90 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్‌తో అమ్మింది. మీదాంట్లో 75, 190. ఆ పదిహేను గుర్రాల కోసం కంపెనీవాడు అంకెలు దిద్ది ఊరుకోలేదు, ఏకంగా టర్బోనే మార్చాడు. వాటిలో ఉన్నది లోపలి రెక్కలు వేగాన్ని బట్టి కదిలే టర్బో, మీదాంట్లో కదలని టర్బో. కంపెనీవాడు పెద్ద సరంజామాతో 90 దగ్గర ఆగితే, మీ చిన్న టర్బోతోనే 95 లాగిస్తామంటున్నారు. లాగుతుంది. ఎన్నాళ్లు అన్నది ఎవరూ కాగితం మీద రాసివ్వరు.

ఇక మీరు చెప్పిన ఆ 'ఒక క్షణం'. మీ ఇంజిన్‌కి పూర్తి టార్క్ నిమిషానికి 2000 చుట్ల దగ్గర వస్తుంది. ట్రాక్టరు వెనక నాలుగో గేరులో 1400 మీద నడుస్తూ ఒక్కసారిగా తొక్కితే, టర్బోని తిప్పడానికి సరిపడా ఎగ్జాస్ట్ గాలి ఉండదు. ఆ గాలి లాప్‌టాప్‌లోంచి రాదు. రీమ్యాప్ చేయించినా ఆ క్షణం పెద్దగా తగ్గదు, దాని తర్వాత వచ్చే ఊపు మాత్రం పెరుగుతుంది. దాటబోయే ముందే మూడో గేరుకి దిగండి. రేపు పొద్దున్నే చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

మా మేనల్లుడు నా మాట వినకుండా తన డీజిల్ కారుకి చేయించాడు. మొదటి నెలంతా ఫోను చేసి "మావయ్యా, విమానమే" అన్నాడు. రెండో నెలలో కుటుంబంతో సాలూరు ఘాటీ ఎక్కుతుంటే ఇంజిన్ మోత పెరుగుతోందట, బండి మాత్రం ముందుకి పోదు. కారు నిండా కాలిన వాసన. క్లచ్ ప్లేటు జారిపోయింది. చేసినాయన "మీ క్లచ్ పాతది" అన్నాడు. అది అబద్ధం కాదు, అందుకే వాదించడానికీ లేకపోయింది. కంపెనీ అంకెలున్న పాత ఫైలు వెనక్కి వేయమంటే దాన్ని దాచలేదన్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అక్కడే.

మైలేజీ సంగతి: మెత్తగా నడిపేవాడికి కొంచెం పెరగొచ్చు. కానీ కొత్త బలం వచ్చాక మెత్తగా నడిపేవాణ్ని నేనింకా చూడలేదు. మీటరులో కనిపించే అంకెను కూడా నమ్మొద్దు. కొట్టిన డీజిల్‌ని ఈసీయూ తన లెక్క ప్రకారం చూపిస్తుంది, ఆ లెక్కనే మార్చినప్పుడు అది తప్పు చెప్పొచ్చు. ఒకే బంకులో రెండుసార్లు ఫుల్ ట్యాంక్ కొట్టించి లెక్కేసుకోవడమే నికరం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది. రిజిస్ట్రేషన్‌లోని వివరాలకీ కంపెనీ ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా మారిస్తే, క్లెయిము రోజున అదొక వంక అవుతుంది.

నా మాట అడిగారు కాబట్టి, వద్దు. 18 వేలు తీసి పక్కన పెట్టి, అందులో కొంతతో బండికి ఉన్న బలం మొత్తం వస్తోందో లేదో చూపించండి. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి, మన హైవే పక్క దుమ్ముకి అది ఎప్పుడో మూసుకుపోయి ఉండొచ్చు. టర్బో నుంచి వచ్చే రబ్బరు హోస్ కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. ఆయిల్ జిడ్డుతో పాటు వేలికి సన్నని పగులు తగిలిందా, మీ గాలి అక్కడే పోతోంది. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్లీ లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు ఇన్ని కిలోమీటర్లకి మసితో సగం పూడిపోవడం మామూలే, విప్పి కడిగించండి. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల లీక్ పరీక్ష కూడా చేయించండి. క్లచ్ సంగతి మీరే చూసుకోవచ్చు: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభైకి వచ్చి పూర్తిగా తొక్కండి. చుట్లు ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే.

ఇవన్నీ అయ్యాక కూడా దురద తీరకపోతే, క్లచ్ కొత్తది వేయించాకే వెళ్లండి. పాత ఫైలు పెన్‌డ్రైవ్‌లో చేతికి ఇస్తేనే డబ్బివ్వండి. ఫైలు ఎక్కించేటప్పుడు బ్యాటరీకి చార్జర్ తగిలించారో లేదో పక్కనే నిలబడి చూడండి. మధ్యలో కరెంటు పడిపోతే ఈసీయూ ఉత్త డబ్బా అవుతుంది. పొగ హద్దు తీసేస్తామన్నా, ఈజీఆర్ మూసేస్తామన్నా తాళాలు తీసుకుని వచ్చేయండి.

ప్రశ్న: నాది టర్బో లేని 1.2 లీటర్ల పెట్రోల్ కారు. రీమ్యాప్ పనికొస్తుందా? ఫోటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: టర్బో లేని ఇంజిన్ పీల్చుకున్న గాలి పీల్చుకున్నంతే. స్పార్క్ సమయం ముందుకి జరిపితే నాలుగైదు గుర్రాలు వస్తాయేమో. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని నలుగురెక్కితే నాకింగ్, అంటే ఇంజిన్ లోపల టకటక కొట్టుకోవడం, కూడా వస్తుంది. ఆ డబ్బు టైర్లకి పెట్టండి. మీ ఫోటోలో ముందు కుడి టైరు లోపలి అంచు గుండులా నున్నబడిపోయింది, అలైన్‌మెంట్ కూడా చూపించండి.