బత్తాయి బెరడు మీది నల్లచుక్కలు

నల్లగొండ

తమ్మీ,

శిలీంధ్రం, నాచు కలిసి బతికే లైకెన్ల మీద నీ వ్యాసం, దాంతోపాటు పంపిన బత్తాయి బెరడు ముక్క, రెండూ అందినయి. వ్యాసం రెండుసార్లు చదివిన. బెరడును ఐదారుసార్లు చూసిన. దాపరికం ఎందుకు, బెరడే నాకు ఎక్కువ నచ్చింది.

మొదటి వాక్యంలనే "ప్రకృతి కుంచెతో అద్దిన తెల్లని మచ్చలు" అన్నవు. మూడో వాక్యానికి వచ్చేసరికి లాటిన్ పేరు పెట్టేసినవు. రాయాల్సిందంతా ఈ రెండింటి నడుమనే ఉండె. మచ్చ ఎంత వెడల్పు? అంచు తెలుపా, నలుపా, అసలు అంచే లేదా? చుక్కలు పైకి ఉబికి ఉన్నయా, లోపలికి దిగి ఉన్నయా? ఒక్కటీ చెప్పలే. ఫోన్ల ఏదో యాప్ చెప్పిన పేరు అని నా అనుమానం. బిర్యానీల వేసే రాతిపువ్వు లాంటి ఆకుల లైకెన్ అయితే ఆ యాప్ ఎంతో కొంత పనికొస్తదేమో. పొక్కులెక్క బెరడుకు అంటుకునే వీటికి పనికిరాదు. వీటికి కింది పొర ఉండదు, నేరుగ బెరడునే పట్టుకుంటయి. గోరుతో లేపితే రావు, బెరడుతోసహా చెక్కాల్సిందే. పైకి ఒక్క తీరుగ కనబడే రెండు మచ్చలు లోపల దగ్గరి చుట్టాలు కూడ కాకపోవచ్చు.

పది రెట్ల లెన్స్ ఒకటి కొనుక్కో. కంటికి ఆనించి పట్టుకొని, బెరడును దాని దగ్గరికి తీసుకురావాలె. చాలామంది తిరగేసి చేస్తరు. నేను మొదటిసారి సరిగ్గ చూసింది అచ్చంపేట దిక్కు, రాలిపడ్డ ఒక కొమ్మ మీద. బూడిదరంగు పొర, దాని మీద పిల్లలు పలకమీద గీకినట్టు నల్లటి సన్నని గీతలు. కొన్ని సూటిగ, కొన్ని రెండుగ చీలి, ఒకటి మాత్రం అచ్చం 'గ' లెక్క. ఆ గీతలే దాని పండ్లు, శిలీంధ్రం బీజాలు తయారయ్యే చోట్లు. గ్రాఫిస్ ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, అది. గ్రీకుల ఆ మాటకు అర్థం రాసే ములికి. అంటే మన తాటాకుల మీది గంటం! గోరుతో గీకితే లోపల గడ్డిపచ్చ కాదు, నారింజ కలిసిన పసుపుపచ్చ కనబడ్డది. లోపలుండేది ట్రెంటెపోలియా అనే శైవలం, అంటే నాచు. పేరుకు ఆకుపచ్చ శైవలమే గానీ ఒంటినిండ కెరోటిన్ రంగు. ఒక్క గోటిగీతతోని సగం ప్రజాతులు పక్కకు పోతయి. వ్యాసంల నాకు కావాల్సింది ఆ గోటిగీత.

ఇగ నా తప్పు ఒకటి చెప్త. చానా ఏండ్ల కింద, చింతబెరడు మీది ఒక తెల్లపొర గురించి ఒక పత్రికల రాసిన. "దీని పండ్లు ఆవగింజలో పదోవంతు, నల్లగ, గుండ్రంగ" అని మురుసుకుంట రాసిన. తర్వాత తెలిసినాయన ఒకరు ఆ ముక్కను బ్లేడుతో సన్నగ కోసి మైక్రోస్కోప్ కింద పెట్టిండు. ఆ నల్లచుక్కలు దానివి కానే కావు. లైకెన్ మీద బతికే ఇంకో శిలీంధ్రానివి. అసలుదాని పండ్లు పక్కనే, రంగులేని పళ్ళేల లెక్క ఉన్నయి, నేనే చూడలే. ఒకే కోతల రెండు రకాల బీజాలు. ఇంటిని వర్ణించుమంటే కిరాయిదారుని మొఖం వర్ణించినట్టయింది.

లైకెన్ల మీద బతికే ఇసొంటి శిలీంధ్రాలు ప్రపంచంల రెండు వేలకు పైన ఉన్నయి. కొన్ని లైకెన్లే ఇంకో లైకెన్ మీద పుడ్తయి. యూరప్‌ల డిప్లోస్కిస్టెస్ మస్కోరమ్ అనే లైకెన్, క్లాడోనియా అనే ఇంకో లైకెన్ మీద మొదలై, దాని శైవలాలనే గుంజుకొని, పెద్దదైనంక సొంతంగ బతుకుతది. అందుకే చుక్క కనబడంగనే "ఇది ఎవరిది?" అని అడుగు. పొరంత ఒకతీరుగ ఉన్నదా, ఒక్క మూలనే గుంపుగ ఉన్నదా? దాని చుట్టు పొర వెలిసిపోయిందా?

ఇగ లైకెన్‌ను గుర్తుపట్టేందుకు చుక్కలేసి చూసే రసాయనాల సంగతి. పారిస్‌ల విలియం నైలాండర్ 1866ల మొదలుపెట్టిన పద్ధతి ఇంకా నడుస్తున్నది. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క పడ్డంక పసుపయి, తర్వాత ఎర్రబడితే నార్‌స్టిక్టిక్ ఆమ్లం అనే లైకెన్ పదార్థం ఉండొచ్చు. రెండోది బ్లీచింగ్ నీళ్ళు, అవి తాజాగ ఉండాలె. చెట్టు మీద పోయకు, చిన్న పెచ్చు ఇంటికి తెచ్చి చెయ్యి. మూడోది పారాఫినైలిన్‌డయమీన్, జుట్టురంగుల్ల వాడేది, విషం. దాని జోలికి పోకు. 365 నానోమీటర్ల టార్చి కింద కొన్ని పచ్చటి పసుపురంగుల మెరుస్తయి. అది లైకెగ్జాంతోన్ అనే పదార్థం. ఇవన్నీ అయినంక లైకెన్ల శాస్త్రవేత్త అవస్థి గారు 1991ల మన దేశం, నేపాల్, శ్రీలంకల సూక్ష్మ లైకెన్లకు చేసిన కీ, అంటే లక్షణాలను బట్టి పేరు పట్టుకునే పుస్తకం, ముందేసుకో. ప్రజాతి దగ్గరనే ఆగిపోతే "ప్రజాతి వరకే తెలిసింది" అని రాయి. నామోషీ ఏం లేదు.

"లైకెన్ ఉంటే గాలి శుభ్రం" అన్న వాక్యం కొట్టేసిన. పొగను తట్టుకునేవీ ఉన్నయి. ఏ లైకెన్ అన్నది చెప్పకుంట ఆ మాట అనరాదు.

మీ బాపు మచ్చలను తెగులు అనుకొని మొదళ్ళకు బోర్డో పేస్టు పూస్తున్నడని రాసినవు చూడు, వ్యాసంల పాణమున్న చోటు అదొక్కటే. బంక తెగులుకు పూస్తే సరే. ఈ మచ్చలు మాత్రం చెట్టు తిండి తినవు, పై బెరడు మీదనే ఉంటయి. పేస్టుల రాగి ఉంటది, వాటిని చంపుతది. ఆ ముచ్చటతోని మొదలుపెట్టు. బాపు మాటలు బాపు మాటలుగనే రాయి.

అమ్రాబాద్ పులుల అడవిల అనుమతి లేకుంట పెచ్చు కూడ తీయకు. మీ తోటల రాలిన పుల్లలే చాలు. ప్లాస్టిక్‌ల కట్టకు, బూజు పడ్తది. పాత పేపర్ పొట్లం మంచిది. మీద చెట్టు పేరు, ఎంత ఎత్తుల దొరికింది, తారీఖు పెన్సిల్‌తోని రాయి.

నీ బెరడు ముక్క తిరిగి పంపుతున్న. ఎడమ అంచుకు చిన్న గుండుపిన్ను గుచ్చిన, అక్కడ చూడు. రెండు రకాల చుక్కలున్నయి, ఒకటి పొరల మునిగి, ఒకటి పొర మీద కూసున్నట్టు. నాకైతే తేలలే. కోసి చూసి, ఏది ఎవరిదో రాయి.

మీ అన్న