ఆగమని మాత్రం చెప్పకు

ఒరేయ్ చిన్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "నీ మేనల్లుడు నీ దారే పట్టాడే" అన్నాడు. పాత అనలాగ్ టీవీ ప్రసారాలు ఆపేసేలోగా ఇంటింటికీ తిరిగి, పాత టీవీల్లో కూడా కొత్త డిజిటల్ ప్రసారాలు వచ్చేలా డిజిటల్ బాక్సులు పెట్టే పనిలో చేరావట. భలే సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. లేచి ఇది మొదలుపెట్టాను.

ముందుగా ఒకటి. నిచ్చెన ఎక్కకు. యాంటెనా తిప్పాలంటే ఆ పని తెలిసినవాణ్ని పిలిపించు. కరెంటు తీగల పక్కన ఇనుప గొట్టం పైకెత్తడమంటే ఏమిటో నీకు తెలీదు. నాతో పనిచేసినతను ఒకసారి గొట్టం తిప్పుతూ తీగకి జానెడు దూరంలో ఆగాడు. నేను కింద నిలబడి చూశాను. ఆ జానెడు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

బిగించడం గురించి నీకు చెప్పేదేముంది! యాంటెనా వైరు బాక్సులోకి, బాక్సు నుంచి టీవీలోకి, సోర్స్ మార్చడం, ఛానళ్లు స్కాన్ చేయడం, అంటే బాక్సు చేత వెతికించడం. అంతే. కాకపోతే పెట్టె విప్పే ముందు వాళ్ల టీవీలోనే డిజిటల్ ట్యూనర్, అంటే డిజిటల్ సిగ్నల్ అందుకునే భాగం, ఉందేమో చూడు. ఉంటే బాక్సే అక్కర్లేదు. కేబుల్ మీదో డిష్ మీదో చూసేవాళ్లకి చాలాచోట్ల ఈ మార్పుతో పనే ఉండదు. అనవసరంగా కొనిపించకు.

బొమ్మ గురించి మాత్రం ఓపిగ్గా చెప్పాలి. అనలాగ్‌లో సిగ్నల్ సరిగ్గా లేకపోయినా బొమ్మ వచ్చేది. తెర మీద చీమలు పాకేవి, మనిషి పక్కన ఇంకో మనిషి నీడలా కనబడేవాడు, అయినా కథ అర్థమయ్యేది. డిజిటల్ అలా కాదు. వచ్చినంతసేపూ అద్దంలా వస్తుంది. సిగ్నల్ ఓ హద్దు కిందికి పడిందంటే గళ్లుగళ్లుగా విడిపోయి, మాట తెగి, ఆపైన ఏమీ ఉండదు. కొండ అంచు నుంచి జారినట్టన్నమాట. ఇంజనీర్లు కూడా క్లిఫ్ ఎఫెక్ట్ అనే అంటారు. ఇన్నేళ్లూ చీమలతోనే సర్దుకుపోయినవాళ్లు "కొత్తదాని కన్నా మా పాతదే నయం" అంటారు. వాదించకు. బాక్సు మెనూలో సిగ్నల్ నాణ్యత చూపించే గీత ఉంటుంది. అది బొటాబొటిగా ఉంటే అక్కడినుంచి కదలకు, వైరు కొసలు చూడు. సగం ఇళ్లలో తుప్పు పట్టిన కనెక్టరే కారణం.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ప్రసారాలు ఆపడానికి వారం ముందు ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఒక్కడే ఉంటాడు. బాక్సు పెట్టాను, స్కాన్ చేశాను, ఛానళ్లన్నీ శుభ్రంగా వచ్చాయి. ఆయన కుర్చీ అంచున కూర్చుని, నేనేం చెప్తే దానికి తలూపుతూ, చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. మాటల్లో చెప్పాడు, రాత్రి వార్తల ముందు సంగీతం రాగానే బీపీ మాత్ర వేసుకుంటాడట. గడియారం చూసే అలవాటు లేదట. నవ్వాను. అవతల ఇంకో నాలుగిళ్లు ఉన్నాయి, తొందర. లేస్తూ లేస్తూ అన్నాను: "ఎప్పుడైనా సిగ్నల్ లేదు అని వస్తే కంగారు పడకండి. ఏమీ నొక్కకండి. కాసేపు ఆగితే అదే వస్తుంది." ఆయన అదీ రాసుకున్నాడు.

అనలాగ్ ఆపిన రాత్రి ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు చూడు, అదే నా బాధ. పాత ప్రసారం ఖాళీ చేసిన ఫ్రీక్వెన్సీలోకి కొన్ని డిజిటల్ ఛానళ్లు మారతాయి. బాక్సుకి ఆ సంగతి తెలీదు కదా, పాత చోటే వెతుక్కుంటూ ఉంటుంది. మళ్లీ స్కాన్ చేసేదాకా ఎన్నాళ్లు ఆగినా బొమ్మ రాదు.

ప్రసారాలు ఆపిన పదకొండు రోజుల తర్వాత ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆయన కోసమని కాదు, స్క్రూడ్రైవర్ అక్కడ మర్చిపోయానని. తలుపు తీసి ఉంది. టీవీ నడుస్తోంది. నీలం తెర, మధ్యలో "సిగ్నల్ లేదు". ఎదురుగా ఆయన, అదే కుర్చీలో. ఆపేస్తే, వచ్చినప్పుడు తెలీదేమోనని పగలూ రాత్రీ అలాగే ఉంచాడట. "ఎవరికైనా ఫోన్ చేయొచ్చు కదండీ" అన్నాను, కాస్త విసుగ్గానే. ఆయన చిన్న పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. "నువ్వు ఆగమన్నావుగా అమ్మా."

టీవీ పక్కన మాత్రల అట్ట ఉంది. లెక్కపెట్టాను. పదకొండు రోజులకి నాలుగు ఖాళీలు.

స్కాన్ చేయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. బొమ్మ పడగానే ఆయన నాకు దణ్ణం పెట్టాడు. నా తలెత్తలేదు. స్క్రూడ్రైవర్ శుభ్రంగా తుడిచి కాగితంలో చుట్టి పెట్టాడు, నేను మళ్లీ వస్తానని. ఆయనకేమీ కాలేదులే, ఆ తర్వాత కూడా చాలాకాలం బాగానే ఉన్నాడు. అయినా ఇప్పటికీ ఎక్కడ నీలం తెర చూసినా నా కడుపులో చెయ్యిపెట్టి తిప్పినట్టవుతుంది.

అందుకే చెప్తున్నాను, నీ డైరీలో ప్రతి ఇంటి పేరు పక్కన రెండు గళ్లు గీయి. ఒకటి బాక్సు పెట్టిన రోజుకి, ఇంకోటి ప్రసారాలు ఆపిన మర్నాటికి. రెండోది నిండేదాకా ఆ ఇల్లు అయిపోయినట్టు కాదు. మీ పై ఆఫీసరు మొదటి గడే లెక్కపెడతాడు. పెట్టుకోనీ.

బ్రిటన్‌లో అనలాగ్ ఆపే పని మొదట వైట్‌హేవెన్ అనే ఊళ్లో చేశారు, 2007లో. అన్ని ఛానళ్లూ ఒకేసారి ఆపలేదు. అక్టోబరు 17న బీబీసీ టూ ఒక్కటే ఆపి, మిగతావి నవంబరు 14న ఆపారు. నాలుగు వారాలు! ఒక ఛానల్ పోయేసరికి, ఇంకా బాక్సు పెట్టుకోనివాళ్లెవరో వాళ్లంతట వాళ్లకే తెలిసిపోతుంది. ఎవరి బుర్రో గానీ చల్లగా ఉండాలి. అమెరికాలో బాక్సులకి కూపన్లిచ్చారు, వాటికి 90 రోజులే గడువు. సొరుగులో పెట్టి మర్చిపోయినవాళ్లు ఎంతమందో! చివరికి కూపన్ల డబ్బు చాలక జనం క్యూలో ఉండిపోతే, 2009 ఫిబ్రవరి 17న ఆపాల్సినవాళ్లు జూన్ 12కి వాయిదా వేశారు. మీ వాళ్లు కూడా వాయిదా వేస్తే తిట్టుకోకు. ఇళ్లవాళ్లకి కొత్త తేదీ మాత్రం నువ్వే చెప్పు, కాగితం మీద రాసి.

రిమోట్ల సంగతి మర్చిపోయాను. ఇంట్లో ఇప్పుడు రెండుంటాయి. అలవాటుకొద్దీ టీవీ రిమోట్‌తో ఛానల్ మారుస్తారు, బొమ్మ పోతుంది, పాడైందనుకుంటారు. బాక్సు రిమోట్‌కి రంగు టేపు చుట్టు. స్కాన్ నువ్వు చేసి చూపించడం కాదు, వాళ్ల వేలితో రెండుసార్లు చేయించు. "అర్థమైందా" అని అడగొద్దు. అందరూ అయిందనే అంటారు. నువ్వు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూడు. ఇది నీకు కష్టమే, చిన్నప్పుడు మీ చెల్లెలు బొమ్మ బిగించుకుంటుంటే లాక్కుని నువ్వే బిగించేవాడివి.

మెళ్లో కార్డు వేసుకుని వెళ్లు. ఇలాంటప్పుడే "మీ టీవీ పనికిరాదు, కొత్తది కొనాలి" అంటూ డబ్బులు గుంజేవాళ్లు బయల్దేరతారు. నిన్ను అనుమానంగా చూస్తే నొచ్చుకోకు. అలా చూసేవాళ్లే నయం.

మొదటిరోజు పనయ్యాక నాకు ఫోన్ చెయ్యి. వార్తలు చూస్తున్నా తీస్తాను. ఎన్ని బాక్సులు పెట్టావో నాకక్కర్లేదు, నిచ్చెన ఎక్కావో లేదో చెప్పు. అబద్ధం చెప్తే నీ గొంతులోనే తెలిసిపోతుంది.

మీ అత్త