స్కూపుకు బరువు లేదురా, చినబాబూ

చిరంజీవి చినబాబుకి మావయ్య ఆశీర్వదించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. సఖినేటిపల్లి రేవులో జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే పంటు ఆపేశారు. మీ అత్త నరసాపురం ప్రయాణం ఆగిపోయి ఆవిడ విసుక్కుంటోంది, నాకు మాత్రం కూర్చుని రాసే తీరిక దొరికింది. నిన్న రాత్రి ఫోన్లోనే చెప్పేవాణ్ణి. కానీ ఫోన్లో నువ్వు వినవు, మాట పూర్తికాకుండానే "తెలుసు మావయ్యా" అనేస్తావు. కాగితం మీద అలా అనడానికి వీల్లేదు కదా.

నిన్న నువ్వు చెప్పిన సంగతే. ఎలైట్ డేంజరస్ అనే అంతరిక్ష ఆటలో నీ షిప్పుకి ఇంధనం అయిపోయి బ్రౌన్ డ్వార్ఫ్ అనే మసక నక్షత్రం పక్కన చిక్కుకున్నావు, ఫ్యూయల్ రాట్స్ వాళ్లు ఎక్కడినుంచో వచ్చి లింపెట్లనే చిన్న డ్రోన్లతో ఇంధనం పంపి నిన్ను కదిలించారు. పైసా తీసుకోకుండా ఆ పని చేసే ఆటగాళ్లు వాళ్లు, మర్యాదగా థ్యాంక్స్ చెప్పావనే అనుకుంటున్నాను. అంతవరకూ నేనేమీ అనను. ఎలైట్ డేంజరస్ ఆడేవాడికి ఇంధనం అయిపోవడం ఎప్పుడో ఒకప్పుడు తప్పదు, నాకే మూడుసార్లు అయింది. కానీ బరువు తగ్గుతుందని, నక్షత్రాల నుంచి ఇంధనం తోడుకునే ఫ్యూయల్ స్కూపు పీకేశానన్నావు చూడు, అప్పుడు నాకు ఒళ్లు మండింది.

ఆ ఆటలో ఫ్యూయల్ స్కూపు బరువు సున్నా. ట్యాంకు బరువు సున్నా. కార్గో ర్యాకు ఖాళీగా ఉంటే అదీ సున్నాయే. వాటిలో నింపేదానికే బరువు. నువ్వు దారిలో అన్నం పెట్టేదాన్ని తీసేసి ఒక్క కిలో కూడా తగ్గించుకోలేదు. స్టేషన్లో ఔట్‌ఫిట్టింగ్ తెర మీద ప్రతి మాడ్యూలుకీ, అంటే షిప్పులో బిగించే ప్రతి భాగానికీ, మాస్ అని బరువు రాసి ఉంటుంది. ఏదైనా తీసేముందు ఆ గడి చూడు.

పంటు మీద ముప్పై ఏళ్లు ఇంజను చూసినవాణ్ణి కాబట్టి నాకు అన్నీ ఆ భాషలోనే అర్థమవుతాయి, నువ్వు నవ్వుకున్నా సరే. అంబాజీపేట నుంచి కొబ్బరికాయల లారీ వస్తే, టైర్లు ఎంత నొక్కుకుపోయాయో చూసి పంటు మీద ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాళ్లం. మా డీజిల్ బరువు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు. లారీల బరువు ముందు అదెంత? నీ షిప్పులో సంగతి వేరు. యాస్ప్ ఎక్స్‌ప్లోరర్ ఒట్టి డొక్క 280 టన్నులైతే, ట్యాంకు నిండా పోసిన ఇంధనమే 32 టన్నులు. నీకు దారి చూపించాల్సిన ఇంధనమే నీ మీద బరువై కూర్చుంటుంది.

లెక్క చెబుతాను, పెన్ను తీసుకో. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి ఒక్క దూకు దూకడమే జంప్, దూకించే ఇంజనే డ్రైవు. జంప్ దూరం మూడు అంకెల మీద ఆధారపడుతుంది. డ్రైవుకు రాసిపెట్టిన ఆప్టిమైజ్డ్ మాస్ ఒకటి, అది ఎంత ఎక్కువైతే అంత దూరం. ఒక్క జంప్‌కి ఆ డ్రైవు గరిష్ఠంగా ఎంత ఇంధనం తాగగలదన్నది రెండోది. ఆ క్షణంలో షిప్పు మొత్తం బరువు మూడోది. ఇందులో సరుకూ ఇంధనమూ కలిసే ఉంటాయి. పాతరకం 5ఏ డ్రైవు, అంటే అయిదో సైజు ఎ తరగతిది, తీసుకుంటే ఆప్టిమైజ్డ్ మాస్ 1050 టన్నులు, ఒక జంప్‌కి 5 టన్నులు తాగుతుంది. బరువుకీ దూరానికీ సూటిగా తిరగబడ్డ లెక్క. బరువు పది శాతం తగ్గితే దూరం పదకొండు శాతం పెరుగుతుంది.

నా షిప్పు ఇంధనం లేకుండా 335 టన్నులు. ట్యాంకు నింపితే 367, అప్పుడు 33.5 కాంతి సంవత్సరాలు దూకుతుంది. ట్యాంకులో సరిగ్గా 5 టన్నులే ఉంటే 36 దాటుతుంది. అదే షిప్పులో ట్యాంకు నింపి 64 టన్నుల సరుకు కూడా ఎక్కిస్తే 28.5కి పడిపోతుంది. ఆడేవాళ్లు గొప్పగా చూపించుకునే అంకె దాదాపు ఖాళీ ట్యాంకుతో వచ్చింది. దాన్ని నమ్మి దారి వేసుకుంటే మొదటి జంప్‌లోనే తేడా వస్తుంది. ప్రయాణం వేసుకునేటప్పుడు నిండు ట్యాంకు అంకే చూసుకో. ఒక్కో జంప్ అయ్యేకొద్దీ ట్యాంకు తేలికై దూరం కొంచెం కొంచెం పెరుగుతుంది, దాన్ని లాభం కింద వేసుకో, లెక్కలో మాత్రం కలపకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నీకు తెలియనిది ఇదేనని నా అనుమానం.

ఏరు దాటే లాంచీకి థ్రాటిల్ చివరిదాకా తోస్తే ఏమవుతుంది? వేగం కాస్త పెరుగుతుంది, డీజిల్ మాత్రం గడగడా తాగేస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఎప్పుడూ అలాగే తోసేవాళ్లు, సాయంత్రానికి డ్రమ్ము చూసి మొహం వేలాడేసేవాళ్లు. హైపర్‌స్పేస్ డ్రైవుదీ అదే గుణం. అయిదో సైజు డ్రైవులో దూరం రెట్టింపు కావాలంటే ఇంధనం అయిదున్నర రెట్లు కావాలి. మరి ఒక పెద్ద జంప్‌కి బదులు అందులో సగం దూరానివి రెండు వేస్తే? మొత్తం ఇంధనం మూడోవంతు కంటే కాస్త ఎక్కువే అవుతుంది, సుమారు 37 శాతం. మూడు ముక్కలు చేస్తే అయిదో వంతు చాలు.

నీ విషయంలో దీని అర్థం ఏమిటో చూడు. ట్యాంకులో 2 టన్నులు మిగిలినప్పుడు నువ్వు భయపడి, అందినంత దూరం దూకేశావు. నా లాంటి షిప్పుకి 2 టన్నులతో ఒకే జంప్ వేస్తే 25 కాంతి సంవత్సరాలు వస్తుంది. టన్ను చొప్పున రెండు వేస్తే 19, మరో 19, మొత్తం 38. అదే ఇంధనం, పదమూడు కాంతి సంవత్సరాలు ఎక్కువ. గెలాక్సీ మ్యాపులో ఎకనామికల్ రూటు అని ఒక మీట ఉంది. అది చేసే పని ఇదే. దగ్గర్లో ఇంధనం దొరికే స్టేషన్ ఎక్కడుందో చూసుకుని ఆ మీట నొక్కి ఉంటే ఫ్యూయల్ రాట్స్‌కి నీ బాధ తప్పేది. మామూలు రోజుల్లో ఆ రూటు జోలికి పోకు. ఎక్కువ జంప్‌లు, ఎక్కువ లోడింగ్ తెరలు, నిద్ర వస్తుంది.

స్కూపు ఉన్నవాడికి ఇంధనం దొరికే నక్షత్రాలు ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎమ్ తరగతులవి. ఈ ఏడూ నోటికి రావాలి. బ్రౌన్ డ్వార్ఫులు, వైట్ డ్వార్ఫులు, న్యూట్రాన్ నక్షత్రాలు స్కూపుకి ఏమీ ఇవ్వవు. గెలాక్సీ మ్యాపులో ఈ ఏడు తరగతులే ఉండేలా ఫిల్టర్ పెట్టి, దాన్ని రూటుకి కూడా వర్తింపజేయి. నేను ఒకసారి ఆ ఫిల్టర్ మర్చిపోయి, ట్యాంకు కూడా చిన్నది పెట్టుకుని బయల్దేరాను. 32 టన్నుల బదులు 16 టన్నుల ట్యాంకు, దానివల్ల దూరం ఒకటిన్నర కాంతి సంవత్సరాలు పెరిగింది. ఆ ఒకటిన్నర కోసం వరసగా బ్రౌన్ డ్వార్ఫులు తగిలి, మూడో జంప్‌కే ట్యాంకు ఎండిపోయింది. రాత్రి రెండింటికి మీ అత్త లేచి "ఇంకా పడుకోలేదా" అంటే ఏం చెప్పను? ఆకాశంలో డీజిల్ అయిపోయిందని చెప్పాను. ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. చిన్న ట్యాంకు పెట్టుకోవద్దని అనను, స్కూపు ఉండి ఫిల్టర్ పెట్టుకుంటే పరవాలేదు. నేనైతే మళ్లీ పెట్టుకోలేదు.

బరువు ఎక్కడ తగ్గించాలో అక్కడే తగ్గించు. మాడ్యూళ్లలో ఎ నుంచి ఇ దాకా తరగతులుంటాయి. లైఫ్ సపోర్టు, సెన్సార్లు, థ్రస్టర్లు ఇలాంటి వాటిలో డి తరగతి అన్నిటికంటే తేలిక, వాటిని డికి మార్చు. డ్రైవు మాత్రం ఎప్పుడూ ఎ తరగతే, అక్కడ తేలిక కోసం చూడకు. ఆయుధాలు దించెయ్యి. కవచం మామూలుది ఉంచు, గట్టిది వేస్తే టన్నులు పెరుగుతాయి. నేల మీద తిరిగే బండికి కావాల్సిన గ్యారేజీకి బరువుంది, గ్రహాల మీద దిగే ఉద్దేశం లేకపోతే అదీ వద్దు. షీల్డు మాత్రం చిన్నదైనా ఉంచుకో. రెండు టన్నుల కోసం షీల్డు తీసేసి గురుత్వం ఎక్కువున్న గ్రహం మీద దిగబోయి, షిప్పు పప్పు చేసుకుని, మూడు వారాల సర్వే డేటా పోగొట్టుకున్నవాణ్ణి చెబుతున్నాను.

దూరం పెంచుకునే దారులు వేరే ఉన్నాయి. ఆటలోని ఇంజనీర్ దగ్గర డ్రైవుకు అయిదో గ్రేడు దాకా రేంజ్ పెంచుకుంటే ఆప్టిమైజ్డ్ మాస్ 55 శాతం దాకా పెరుగుతుంది. అప్పుడు నిండు ట్యాంకుతో కూడా 50 దాటుతావు. గార్డియన్ బూస్టర్ అనే అదనపు మాడ్యూలు అయిదో సైజుది పెడితే దాని మీద ఇంకో 10.5 కలుస్తుంది. కానీ దాన్ని తెరుచుకోవాలంటే ఆటలోని గార్డియన్లనే పాత జాతి శిథిలాల దగ్గర బ్లూప్రింట్ సంపాదించాలి, ఒక ఆదివారం మొత్తం పోతుంది. న్యూట్రాన్ నక్షత్రం చిమ్మే కోన్‌లోకి వెళ్లి డ్రైవు నింపుకుంటే తర్వాతి జంప్ నాలుగింతలు. ప్రతిసారీ డ్రైవు కాస్త అరుగుతుంది కాబట్టి రిపేరు యూనిట్ ఉండాలి. వైట్ డ్వార్ఫ్ దగ్గర ఒకటిన్నరరెట్లే, అపాయం మాత్రం తక్కువేమీ కాదు. దాని జోలికి నువ్వు ఇప్పుడే పోవద్దు.

ఇంకో సంగతి. 2024లో వచ్చిన ఎస్‌సీఓ (సూపర్‌క్రూజ్ ఓవర్‌చార్జ్) డ్రైవులు బాగుంటాయి, జంప్ దూరం కూడా కొంచెం ఎక్కువ. కానీ వాటిలో వేగం పెంచే ఓవర్‌చార్జ్ మీట నొక్కి పట్టుకుంటే ఇంధనం కారిపోతుంది. జంప్‌కి దాచుకున్నది అక్కడే ఖర్చుపెట్టేసే కుర్రాళ్లని చూస్తున్నాను. పట్టుకుని పదిసెకన్లు లెక్కపెట్టకు, రెండు లెక్కపెట్టి వదిలెయ్యి.

1984లో వచ్చిన మొదటి ఎలైట్‌లో ఈ గొడవేమీ లేదురా. ట్యాంకు నిండా పోస్తే 7 కాంతి సంవత్సరాలు, అంతే. సరుకు ఎంత ఎక్కించినా అదే దూరం. మా అబ్బాయి అది ఎమ్యులేటర్లో పెట్టి చూపిస్తే నేను నమ్మలేదు. బరువు పట్టించుకోని పడవ ఏం పడవ?

నువ్వు రేపు చేయాల్సింది: స్కూపు తిరిగి పెట్టుకో, పెద్ద సైజుది. తర్వాత నీ షిప్పు మాడ్యూళ్ల తెరను ఫోటో తీసి పంపు, ప్రతి గడిలో మాస్ కనబడేలా. నిండు ట్యాంకు లెక్క నేను కాగితం మీద వేసి చెబుతాను. ఈ వరదలకి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు, సాయంత్రం ఏడింటిలోపు పంపితే మంచిది.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు
నీ మావయ్య