సోమవారం ఓపీ ఎవరు చూస్తారు?

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండు దేశాల్లో రెండు చర్చి సంఘాలు, ఒకరి దగ్గర డబ్బూ డాక్టర్లూ, ఇంకొకరి దగ్గర చిన్న క్లినిక్కూ బోలెడంతమంది రోగులూ, వీళ్లిద్దరూ చేతులు కలిపి పేదలకు ఉచితంగా వైద్యం చెయ్యడం... విషయం మంచిది, వాక్యం కూడా బాగా నడిచింది. కానీ ఒక పని చెయ్యి. నీ వ్యాసంలో పేరుతో కనిపించే మనుషుల్ని లెక్కపెట్టు. నేను లెక్కపెట్టాను, తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ విమానం దిగి వచ్చినవాళ్లే! ఆ క్లినిక్‌ని పదహారేళ్లుగా లాక్కొస్తున్న నర్సుగారు మాత్రం 'ఒక స్థానిక నర్సు'గా మిగిలిపోయారు.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టాను. ఒకసారి ఇలాంటి ఆసుపత్రికే విదేశీ సంఘంవాళ్లు రక్తపరీక్షల మెషిన్ పంపితే పొంగిపోయి రాశాను. రిబ్బన్ కత్తిరించడం, ప్రార్థన, చప్పట్లు, ఏదీ వదల్లేదు. ఏడాది తర్వాత వేరే పనిమీద అటు వెళ్తే మెషిన్ మీద గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టి ఉంది. పంపినచోట కరెంటు 120 వోల్టులు, వచ్చినచోట 230. దానికి ఓ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నారు, బానే ఉంది, కానీ అందులో వాడే రసాయనాలు ఆ కంపెనీవే అయ్యుండాలట, అవి ఆ దేశంలో ఎవరూ అమ్మరు. ల్యాబ్ కుర్రాడు నవ్వుతూ, "మమ్మల్ని అడిగుంటే మైక్రోస్కోప్‌కి బల్బులు చాలు అనేవాళ్లం సార్" అన్నాడు. ఆ మాట నా వ్యాసంలో లేదు. వాళ్లే కాదు, నేనూ అతన్ని అడగలేదు మరి.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1968లో ప్రపంచ చర్చిల మండలి క్రిస్టియన్ మెడికల్ కమిషన్‌ని ఏర్పాటు చేసింది. మిషన్ ఆసుపత్రులు వచ్చినవాళ్లకి వైద్యం చేస్తున్నాయి సరే, గేటుదాకా కూడా రాలేనివాళ్ల సంగతేంటన్నది వాళ్లని తొలిచిన ప్రశ్న. 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే అనే డాక్టర్ దంపతులు పని మొదలుపెట్టి, పల్లెల్లోని ఆడవాళ్లకి, అందులో చదవడం రాయడం రానివాళ్లే ఎక్కువ, కాన్పులు, పిల్లల విరేచనాలు, తిండి సంగతులు నేర్పించి ఆరోగ్య కార్యకర్తలుగా నిలబెట్టారు. ఇలాంటి అనుభవాలు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెవిన పడ్డాయి, ప్రాథమిక వైద్యం అందరికీ అందాలన్న 1978 నాటి ఆల్మా-ఆటా ప్రకటనలో వాటి ప్రభావం ఉంది. జామ్‌ఖేడ్‌కీ బయటి డబ్బు వచ్చింది, కానీ ఏ పని ముందు చెయ్యాలన్నది ఊళ్లోవాళ్లతో కూర్చుని తేల్చుకున్నారు. నీ వ్యాసంలో ఆ 'కూర్చోవడం' ఎక్కడ జరిగిందో నాకు కనబడలేదు.

మందుల పెట్టెల గురించి ఓ పేరా రాశావు, ఎన్ని కిలోలో కూడా చెప్పావు. కిలోలతో ఏం తెలుస్తుంది? ఆ మందులు ఎవరు అడిగారు, గడువు ఇంకా ఎంత ఉంది, చీటీ మీద భాష అక్కడివాళ్లకి అర్థమవుతుందా, ఇవి అడుగు. మందుల దానాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. అడిగినవే పంపాలి, చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలుండాలి, పంపే దేశంలో నాణ్యత చాలదన్నది ఇంకో దేశానికి దానం కింద కూడా పనికిరాదు, ఇవీ అందులోని ముఖ్యమైన మాటలు. గడువు తీరినవాటిని సురక్షితంగా తగలబెట్టించే ఖర్చు పుచ్చుకున్నవాళ్ల నెత్తినే పడుతుంది, ఇది మాత్రం ఏ కృతజ్ఞతా లేఖలోనూ ఉండదు.

ఇక ఆ వచ్చిన డాక్టర్లు పెట్టిన క్యాంప్. రెండువారాల్లో ఎంతమందిని చూశారో రాశావు. బీపీ ఉందని తేలినవాడికి నెలకి సరిపడా మాత్రలు ఇచ్చారనుకో, ముప్పై ఒకటో రోజు అతను ఎక్కడికి వెళ్లాలి? హెర్నియా ఆపరేషన్ చేసిన డాక్టర్ ఇంటికి వెళ్లిపోయాక కుట్లకి చీము పడితే ఎవరు చూడాలి? వచ్చిన డాక్టర్లకి ఆ దేశపు వైద్య మండలి అనుమతి ఉందా? సేవే కదా అని వదిలెయ్యకు, సొంత దేశంలో లైసెన్స్ లేకుండా చెయ్యని పని బయట చేస్తున్నారంటే అది అడగాల్సిన విషయమే.

అలాగని అందర్నీ అనుమానిస్తూ రాయమని కాదు. ఏ హడావిడీ లేకుండా ఏళ్లతరబడి ఒక నర్సు జీతం కట్టే సంఘాలున్నాయి, అక్కడి అమ్మాయినే నర్సింగ్ చదివించి అక్కడే నిలబెట్టేవి ఉన్నాయి. జీతానికి రిబ్బన్ కట్టలేం కాబట్టి వాటి ఫోటోలు రావు. నన్నడిగితే అసలు కథంతా అక్కడే ఉంది, కానీ రాయడం కష్టం, ఎందుకంటే పైకి ఏమీ జరగదు, క్లినిక్ రోజూ తెరుచుకుంటుంది, అంతే.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను. నీ వ్యాసంలో ఒకావిడ జబ్బు పేరు, ఆవిడ వయసు, ఇంటాయన చేసే పని, మూడూ ఉన్నాయి. ఎక్కడిదని అడిగితే, ఫలానావాళ్ల కోసం ప్రార్థించండి అంటూ సంఘం పంపిన విన్నపంలో ఉంది అన్నావు. సంఘంలో ప్రేమతోనే చెప్పుకుంటారు, నిజమే. కానీ ఆ కాగితం దేశాలు దాటి వెళ్తోంది, ఆవిడని ఎవరైనా అడిగారా? హెచ్‌ఐవీ, టీబీ, గర్భస్రావం లాంటివైతే చిన్న ఊళ్లో మూడు వివరాలు చాలు మనిషిని పట్టెయ్యడానికి. తీసెయ్. ఫోటోలకీ ఇదే మాట, మందు చేతిలో పెడుతూ 'ఫోటో తియ్యొచ్చా' అని అడిగితే ఎవరు కాదనగలరు?

మందుకి ముందు ప్రసంగం వినాలా అన్నది కూడా కనుక్కో. 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి సహాయ సంస్థలు విపత్తు సాయానికి ఒక నియమావళి రాసుకున్నాయి, ఒక మతాన్ని ముందుకు తోయడానికి సాయాన్ని వాడకూడదని అందులో ఉంది. దాన్ని తెచ్చినవాళ్లలో కాథలిక్కుల సేవాసంస్థ కారితాస్, లూథరన్ ప్రపంచ సమాఖ్య, ప్రపంచ చర్చిల మండలి కూడా ఉన్నాయి, అంటే ఇది చర్చిలకి బయటివాళ్లు పెట్టిన షరతు కాదు. పాస్టరుగారిని అడగడానికి భయపడకు. రోగుల్ని కూడా అడుగు, పాస్టరుగారు పక్కన లేనప్పుడు.

ముందు ఆ నర్సుగారికి ఫోన్ చెయ్యి. క్యాంప్ గురించి కాదు, మొన్న సోమవారం ఓపీలో ఏం జరిగిందో చెప్పమను, మధ్యలో నువ్వు మాట్లాడకు. ఆవిడకి ఇష్టమైతేనే పేరు వెయ్యి. రెండో ప్రతి పంపేటప్పుడు ఆవిడ చెప్పింది చెప్పినట్టుగా రాసుకున్న కాగితాలు కూడా జత చెయ్యి, నేను వాటినే ముందు చదువుతాను.